కొరాపుట్‌లో ఇల్లు: ఏ పేట ఎక్కడ మొదలవుతుంది, ఎటువైపు ఉంటే మేలు?

పార్వతీపురం కోడలు
అందరికీ నమస్కారం. మా ఆయనకి ఒడిశాలోని కొరాపుట్ మెడికల్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ముందు అద్దెకి దిగి, ఊరు నచ్చితే నాలుగైదు సెంట్ల స్థలం కొనుక్కోవాలని ఆలోచన. మాతో అత్తయ్యగారు ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. బాబు బడికి వెళ్లాలి.

మొన్న వెళ్లి ఇళ్లు చూసొచ్చాం. బ్రోకరు ప్రతి ఇంటినీ "జగన్నాథ గుడి దగ్గరే" అంటాడు. గుడి కొండ మీద ఉంది కనక చూపుకి దగ్గరగానే ఉంటుంది. తీరా నడిస్తే ఒక ఇంటికి అయిదు నిమిషాలు, ఇంకో ఇంటికి మాత్రం పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కాలి. మ్యాప్‌లో ఒక పేరు, కరెంటు బిల్లు మీద ఇంకో పేరు, ఆటోవాళ్ల నోట మరో పేరు. మా పార్వతీపురంలో ఈ రోడ్డు దాటితే ఫలానా వీధి అని చెప్పేస్తాం. ఇక్కడ ఒక పేట ఎక్కడ అయిపోయి రెండోది ఎక్కడ మొదలవుతుందో ఎలా పోల్చుకోవాలి? అక్కడ ఉంటున్నవాళ్లు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జయపురం బాబు
అమ్మా, జయపురం చూడండి. 22 కిలోమీటర్లే. బజారు పెద్దది, మనవాళ్లు ఎక్కువ, ఊరు చాలామటుకు చదును. మీ అత్తగారికి మెట్లు ఎక్కే బాధ ఉండదు.

మెట్ల మీద ఇల్లు
బాబు గారూ, జయపురం మంచి ఊరే, కాదనను. కానీ మధ్యలో ఘాటీ ఉంది కదా. కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తు, జయపురం దానికి 200 మీటర్లకు పైగా కింద. రాత్రి డ్యూటీ దిగి, జనవరి పొగమంచులో రోజూ ఆ మలుపులు దిగడం ఎవరికీ సలహా ఇవ్వలేను.

చెల్లీ, నేను కొరాపుట్‌లోనే కాపురం ఉంటున్నాను, ఒక కొండవాలు వీధిలో. పేట పేరు పక్కన పెట్టి కొన్ని సంగతులు చూసుకో. గ్యాస్ బండి ఎక్కడిదాకా వస్తుంది? అక్కణ్ణుంచి సిలిండరు ఎవరు మోస్తారు, ఎంత అడుగుతారు? అంబులెన్సు ఎక్కడ ఆగుతుంది? అక్కణ్ణుంచి మీ అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఎన్ని మెట్లు మోయాలి? చెత్త బండి మా వీధి మొదట్లోనే ఆగిపోతుంది, పైవాళ్లంతా కిందికి తెచ్చి పోయాల్సిందే. అందుకని మా వీధి ఒకటే పేరు అయినా కింది పది ఇళ్ల బతుకు వేరు, పైవాళ్ల బతుకు వేరు. అద్దెలోనే ఆ తేడా తెలిసిపోతుంది.

వర్షాకాలం ఇంకో సంగతి. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన బాగా ఉంటుంది. సిమెంటు వాలుకి నాచు పడుతుంది. ఇల్లు చూడ్డానికి మార్చిలో వచ్చినవాళ్లకి ఆ వాలు ఎంతో బాగుంటుంది, ఆగస్టులో అదే వాలు మీద స్కూటీ నిలవదు. వానాకాలంలో ఒక్కసారైనా వచ్చి చూడు. కుదరకపోతే ఆ వీధిలో ఆడవాళ్లని అడుగు. బిందెలు మోసేవాళ్లకి ఏ మెట్టు జారుతుందో తెలుసు. ఇంటి యజమానులకి అంత తెలియదు.

ఎండ కూడా చూసుకో. శీతాకాలంలో సూర్యుడు దక్షిణంగా వాలిపోతాడు కాబట్టి ఉత్తరం వాలు ఇళ్లకి ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా పోతుంది. బట్టలు ఆరవు, గోడలకి చెమ్మ పడుతుంది. వృద్ధులున్న ఇంటికి అది పెద్ద విషయం. మరీ పల్లానికి దిగితే చల్లగాలి బరువుకి కిందికి జారి అక్కడే నిలుస్తుంది, మంచు ఆలస్యంగా విడుతుంది. నడిమి వాలు, దక్షిణం గానీ తూర్పు గానీ చూసేది దొరికితే వదలకు.

పాత అమీన్
రెవెన్యూలో కొలతల పని చేసి రిటైరైనవాణ్ణి. హద్దుల గురించి అడిగారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

కొండ ఊళ్లలో పేటకి మూడు హద్దులు ఉంటాయి. మున్సిపాలిటీ వార్డు హద్దు ఒకటి. ఎన్నికలకీ పన్నుకీ తప్ప ఇల్లు చూసుకునేవాళ్లకి దాంతో పని లేదు. వార్డు గీత కొండని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. రెండోది తహసీల్ రికార్డులో ఉండే మౌజా, అంటే రెవెన్యూ గ్రామం. కొరాపుట్‌లో పేటల పేర్లు చాలావరకు పాత గ్రామాల పేర్లే. జానిగుడ, పూజారిపుట్, మస్తిపుట్ లాంటి పేర్లు చూడండి. ఊరు పెరిగి వాటిని కలిపేసుకుంది. మీ స్థలం ఏ మౌజా, ఏ ఖాతా, ఏ ప్లాటు నంబరు అన్నది కొనేటప్పుడు ప్రాణం. అద్దెకైతే అక్కర్లేదు. మూడోది జనం నోటి హద్దు. డి.ఎన్.కె. అని అందరూ అంటారు. 1958లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల పునరావాసానికి పెట్టిన దండకారణ్య ప్రాజెక్టు అది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ పేరు పేటకి నిలిచిపోయింది. ఇలాంటి పేట అంచు ఎక్కడో నలుగుర్ని అడిగితే నాలుగు చోట్లు చూపిస్తారు.

నేను నమ్మే హద్దు ఇంకొకటి. ముందు నీళ్లు పారే తోవ చూస్తాను, తర్వాత కొండ వెన్ను. ఇంటి ముందు పోసిన బిందెడు నీళ్లు ఏ గెడ్డలోకి చేరతాయో చూడండి. ఒకే గెడ్డలోకి దిగే ఇళ్లన్నీ ఒక పేట. వాళ్లకి వాన ఒకటే, బురద ఒకటే, దారి ఒకటే, మురుగు గొడవ కూడా ఒకటే. కొండ వెన్ను దాటితే మ్యాపు మీద పది గజాలే అయినా వేరే ఊరన్నమాట. సెల్ సిగ్నల్ కూడా వెన్నుకి అటూ ఇటూ మారిపోతుంది. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులో ప్రతి 20 మీటర్ల ఎత్తుకీ ఒక గీత ఉంటుంది. మీరు చూసిన ఇంటికీ, బడికీ మధ్య ఎన్ని గీతలు దాటుతున్నారో లెక్కపెట్టండి. ఫోనులో చూపించే దూరం కంటే అదే అసలు దూరం.

పార్వతీపురం కోడలు
అమీన్ గారూ, ఇలా ఎవరూ చెప్పలేదు మాకు. చాలా సంతోషం. మరి నీళ్ల సంగతి? చూసిన ప్రతి ఇంట్లోనూ "నీళ్లకి ఢోకా లేదు" అన్నారు.

పంపు మేస్త్రి
వదినా, నీళ్ల పని నాది. ఢోకా లేదన్న మాట ఏ నెలలో అన్నారో చూడండి. ఏప్రిల్ ఆఖర్లో, మే నెలలో అదే మాట అంటే నమ్మండి.

మున్సిపాలిటీ నీళ్లు పై ట్యాంకు నుంచి వాలుకి దిగుతాయి. ట్యాంకులో నీటి మట్టానికీ మీ కుళాయికీ మధ్య ప్రతి 10 మీటర్ల తేడాకీ చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కేజీ ఒత్తిడి వస్తుంది. ట్యాంకుతో సమానమైన ఎత్తులో ఇల్లుంటే కుళాయి ఉన్నా చుక్క రాదు. కాబట్టి ట్యాంకు ఎక్కడుందో అడిగి, దానికంటే మీరు కిందున్నారా పైనున్నారా కళ్లతో చూసుకోండి. మరీ కిందనున్నా చిక్కే, ఒత్తిడికి పాత పైపులు పగులుతాయి, మురుగు కాలవలో నుంచి పోయే పైపైతే రోగాలు.

బోరు గురించి: ఇక్కడి రాయి ఖొండలైటు. పైన మెత్తబడ్డ పొర ఎక్కడ మందంగా ఉంటే అక్కడ నీళ్లు. పల్లంలో నుయ్యి తవ్వినా ఊరుతుంది, కొండ వెన్ను మీద ఎంత లోతుకి దించినా దుమ్ము వచ్చిన బోర్లు చూశాను. ఎగువ ఇంటివాళ్ల సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో కూడా చూడండి. వాళ్ల గుంతకి సరిగ్గా దిగువన మీ నుయ్యి ఉంటే ఆ నీళ్లు తాగకండి. మనం మన గోడ లోపలే చూస్తాం, కొండ మీద మాత్రం పక్కింటి కంటే పైయింటి సంగతి ముఖ్యం.

కొత్త కాలనీ
నా సలహా ఒకటే. గూడేలకి ఆనుకుని ఉన్న వైపు తీసుకోవద్దు. ఆ ఇరుకు దారులు, సంత రోజు గోల, మన పిల్లలకి స్నేహాలు ఉండవు. కొత్తగా లేఅవుట్ వేసిన చోట చూడండి, అంతా ఉద్యోగస్తులే.

సిమిలిగుడ మాస్టారు
ఈ మాట విని ఊరుకోలేకపోతున్నాను.

ఈ కొండల్లో నేను చాలా కాలంగా పాఠాలు చెబుతున్నాను. పరజలు, గదబలు, కోందులు అనే ఇక్కడి ఆదివాసీలు కట్టుకున్న ఊళ్లు ఎక్కడున్నాయో ఒకసారి గమనించండి. పైన డొంగరు, అంటే కొండవాలు చేను. కింద జోలా, అంటే గెడ్డ వెంబడి మెట్లు మెట్లుగా దిగే వరి మడి. ఈ రెంటికీ మధ్య, వాలు కాస్త నెమ్మదించిన చోట ఇళ్లుంటాయి. వరద నీరు అందదు, తాగే నీరు దగ్గర, పైన అడవి కొంతైనా ఉంటే మట్టి జారదు. ఏ ఇంజినీరూ లేకుండా తరతరాలు చూసి ఎంచుకున్న చోట్లవి.

మరి ఊరు పెరిగాక కొత్త కాలనీలకి మిగిలిందేమిటి? వాళ్లు ఇళ్లు కట్టుకోకుండా వదిలేసిన చోట్లే. ఒకటి జోలా, దాన్ని ఎర్రమట్టి పోసి పూడ్చి చదును చేసి ప్లాట్లు వేస్తున్నారు. రెండోది నిట్టనిలువు వాలు, దాన్ని యంత్రంతో కోసి మెట్లు చేస్తున్నారు. పూడ్చిన జోలాలో ఇల్లు కడితే గెడ్డ పోదు, పునాది కింద నుంచి పారుతుంది. మొదటి రెండు మూడేళ్లు బాగానే ఉంటుంది, తర్వాత గోడకి ఏటవాలు పగులు వస్తుంది, నేల కుంగుతుంది. లేఅవుట్ అందంగా ఉందని మురిసిపోకముందు, ఆ నేల పదేళ్ల కిందట ఏమిటో పక్క గూడెంలో పెద్దవాళ్లని అడగండి. "అక్కడ మేం వరి నాటేవాళ్లం" అన్నారంటే దండం పెట్టి వచ్చేయండి.

పిల్లల స్నేహాల మాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. తెలుగు, ఒడియా, దేశియా ఇక్కడ ఒకే వీధిలో వినిపిస్తాయి. మా పిల్లలు గూడెం పిల్లలతో ఆడుకుంటూ దేశియా నేర్చారు. అది వాళ్లకి ఆస్తి. మనం వచ్చి చేరినవాళ్లం. ముందునుంచీ ఉన్నవాళ్ల ఊరికి "వద్దు" అని ముద్ర వేయడం న్యాయం కాదు.

కొత్త కాలనీ
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. పూడ్చిన నేల సంగతి ఒప్పుకుంటాను, అది అందరూ చూసుకోవాల్సిందే. కానీ మా ఆవిడ రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ దిగి వస్తుంది. దీపాలు లేని దారిలో రావడం మాటలు కాదు. నేను దారి గురించి, వెలుతురు గురించి భయపడ్డాను.

మెట్ల మీద ఇల్లు
ఆ భయం నిజమైందే తమ్ముడూ, ఆడదాన్ని కాబట్టి చెబుతున్నాను. అయితే దాన్ని దీపాల పేరుతోనే అడుగు, మనుషుల పేరుతో అడగకు. ఉద్యోగస్తుల కాలనీలో కూడా మలుపు దగ్గర దీపం లేక నేను భయపడ్డ వీధులున్నాయి. గూడెం పక్క వీధిలో అరుగుల మీద మనుషులు కూర్చుని ఉంటారు, అక్కడ నాకు ధైర్యం. చెల్లీ, ఇల్లు ఖాయం చేసే ముందు చీకటి పడ్డాక ఆటో స్టాండు నుంచి ఇంటిదాకా మీ ఆయనతో ఒకసారి నడిచి చూడు.

విశాఖ వలస
రాయగడలో పుట్టి విశాఖలో ఉంటున్నాను. ఇక్కడ కొండవాలు ప్రాంతాల్లో చాలా కాలం అద్దెకున్నాను. ఊరు వేరైనా వాలు బుద్ధి ఒకటే. ఎత్తు మీద ఇల్లంటే చూపు బాగుంటుంది, దానికే జనం ఎక్కువ డబ్బిస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ చూపే ఇళ్లకి ఎదురు తిరిగింది. గాలికి అడ్డం లేని కొండ నెత్తి మీద రేకులు, కిటికీలు ముందు పోయాయి. మీ వైపు సముద్రం లేదు గానీ పిడుగులున్నాయి. కొండ వెన్ను మీద ఇల్లైతే ఎర్తింగ్ చూపించమనండి.

వాస్తు గురించి కూడా ఒక మాట. మనవాళ్లు ఈశాన్యం పల్లంగా ఉండాలంటారు, అందుకని ఉత్తరం, తూర్పు వాలుకి ధర పెంచుతారు. నైరుతి వానగాలి వీపున పడుతుంది కాబట్టి ఆ ఇళ్లకి ముందు గది తడవదు, ఆ మేరకు మంచిదే. కానీ పైన అక్క చెప్పినట్టు ఉత్తరం వాలుకి చలికాలం ఎండ తక్కువ. డబ్బు పెట్టే ముందు ఆ రెండూ తూచుకోండి.

కోసిన వాలు కింద ఇల్లైతే వెనక రాతిగోడ చూడండి. గోడలో వరసగా నీరు కారే కన్నాలు ఉండాలి. వానాకాలంలో ఆ కన్నాల నుంచి నీళ్లు వస్తుంటే గోడ పని చేస్తున్నట్టు. కన్నాల్లేని గోడ ఉబ్బినట్టు కనిపిస్తే ఆ ఇంట్లో పిల్లలతో పడుకోవద్దు.

పాత అమీన్
కొనడం గురించి రాయకపోతే నా మనసు ఊరుకోదు, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ మోసపోయేది ఇక్కడే.

ముందు చట్టం. కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. ఒడిశా 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం ఆదివాసీ భూమి ఆదివాసేతరులకి పోకూడదు. మొదట్లో సబ్‌కలెక్టర్ అనుమతితో కుదిరేది, 2002 సవరణతో ఆ దారి మూసేశారు. 2023 నవంబరులో ఒడిశా మంత్రివర్గం సడలించబోయింది, గట్టి వ్యతిరేకత రావడంతో ఆపేసింది. కాబట్టి "స్టాంపు పేపరు మీద రాసిస్తాడు, అందరూ అలాగే కొన్నారు" అని ఎవరైనా అంటే వినకండి. అలా పోయిన భూమిని సబ్‌కలెక్టర్ అసలు రైతుకి తిరిగి ఇప్పిస్తారు, ఇప్పించాలి కూడా. ఆ భూమి తప్ప వాళ్లకి ఇంకేం ఉంది చెప్పండి.

చూసుకోవడం కష్టం కాదు. ఒడిశా సర్కారు భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో మౌజా, ఖాతా కొడితే పట్టా వస్తుంది. అది ఒడియాలో ఉంటుంది, చదవగలిగినవాళ్లని పక్కన పెట్టుకోండి. అందులో రైతు పేరు, తండ్రి పేరు, జాతి, ఊరు రాసి ఉంటాయి. కింద ప్రతి ప్లాటుకీ కిసమ్ ఉంటుంది. కిసమ్ అంటే నేల తరగతి. ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. జోలా అని ఉంటే మాస్టారు చెప్పిన కథే, ఎంత మట్టి పోసినా కాగితం అబద్ధమాడదు. గోచర్ (పశువుల మేత నేల), జంగల్ (అడవి) అని ఉంటే సర్కారు నేల, దాని జోలికి పోవద్దు. ఇప్పటి పట్టాతో ఆగకుండా దానికి ముందు పట్టా కూడా తీయించండి, అప్పుడు ఎవరి పేరున ఉండేదో తెలియాలి.

తర్వాత కొలత. ఇక్కడి డెసిమల్, మన సెంటు ఒకటే, 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. గుంటతో మాత్రం జాగ్రత్త. ఒడిశాలో ఎకరాకి 25 గుంటలు, అంటే గుంట 4 డెసిమల్స్. మన వైపు ఎకరాకి 40, అంటే రెండున్నర సెంట్లే. ధర గుంటల్లో చెబితే వెంటనే డెసిమల్స్‌లోకి మార్చి రాయించుకోండి.

ఇంకొకటి, కొండ మీద తప్ప ఎక్కడా రాని చిక్కు. పట్టాలో ఉండే విస్తీర్ణం అడ్డకొలత, అంటే నేలని పైనుంచి చదునుగా చూసినంత. బ్రోకరు టేపుని వాలు వెంబడి నేల మీద పరిచి కొలుస్తాడు. 30 డిగ్రీల వాలు మీద 40 అడుగులు పరిస్తే అడ్డకొలతకి 34 అడుగుల చిల్లరే. 60 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అని చూపిస్తే అయిదున్నర డెసిమల్స్ అనుకుంటారు, కాగితం మీద వచ్చేది 4.77. ఇందులో అందరూ మోసగాళ్లే అని కాదు, చాలామందికి తెలియక కూడా చేస్తారు. అమీన్‌ని పెట్టుకుంటే టేపుని మట్టంగా పట్టి, చివర నుంచి గుండు వేలాడదీసి, మెట్లు మెట్లుగా కొలుస్తాడు. ఆ ఖర్చుకి వెనకాడకండి.

పార్వతీపురం కోడలు
మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మళ్లీ వెళ్లాం. ఈసారి బ్రోకరు లేకుండా, మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని. ముందు నచ్చిన మేడ ఇల్లు వదిలేశాం. వెనక రాతిగోడకి కన్నాల్లేవు, పక్క గూడెంలో ఒక పెద్దాయన "అది మా నాన్న వరి మడి" అని చేత్తో చూపించాడు. జానిగుడ వైపు, ఆసుపత్రికి ఆటోలో తేలిగ్గా వెళ్లొచ్చే దారిలో నడిమి వాలు మీద పెంకుటిల్లు ఒకటి చూశాం. తూర్పు ముఖం, అంబులెన్సు గుమ్మం దాకా వస్తుంది. ఎదురింటావిడ తనే పిలిచి మే నెలలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుందని ఉన్నమాట చెప్పింది. అత్తయ్యగారు ఆ వాకిట్లో కూర్చుని ఇక కదలనన్నారు. అద్దెకి ఖాయం చేశాం. స్థలం కొనడం రెండు వానాకాలాలు చూశాకే.

రోజు విడిచి రోజు అంటే నలుగురికి ఎంత ట్యాంకు పెట్టుకోవాలి? యజమాని మిద్దె లేదు కాబట్టి కిందే పెట్టుకోమంటున్నారు.

పంపు మేస్త్రి
వదినా, వెయ్యి లీటర్లది పెట్టండి, నలుగురికి రెండు రోజులకి సరిపోతుంది. కింద పెడితే పంపు కావాలి, కరెంటు పోతే ఇబ్బంది. మీది వాలు స్థలం కదా, పెరట్లో ఎగువ వైపు గట్టు ఉందేమో చూడండి. దాని మీద రాతి దిమ్మ కట్టి ట్యాంకు పెడితే వంటింటికి నీళ్లు వాటంతట అవే దిగుతాయి. దిమ్మని గట్టు అంచుకి కాకుండా లోపలికి కట్టించండి, నిండిన ట్యాంకు టన్ను బరువు. కుళాయి నీళ్లు ఆ ఎత్తుకి ఎక్కుతాయో లేదో ముందు ఒక గొట్టం పట్టి చూసి, ఆ తర్వాతే మేస్త్రిని పిలవండి.